లోపొరలో మూడు చొక్కాలు

అల్ ఖర్జ్,
3 మార్చి 2017

శ్రీమతి మాబున్నీ చిన్నమ్మగారి దివ్యసముఖానికి,

మనుషుల కంటే ఆవులు చల్లగా బతికే ఊరి నుంచి నీ అక్క కూతురు ఖాలిదా పెట్టుకునే సలాములు. నేను క్షేమం. నీ అల్లుడు ఇస్సాక్ కూడా క్షేమమే. డెయిరీలో పాలు నిలవచేసే చల్లటి గదులు బాగుచేసే ఉద్యోగం కనక, బయట ఎండ మాడుస్తుంటే ఇంటికి తుమ్ముకుంటూ వచ్చే మగవాడు ఈ రాజ్యం మొత్తానికి ఈయన ఒక్కడే అనుకుంటాను.

నీకు ఫోన్ చేద్దామంటే, దూది మిషన్ దగ్గర పోయిన చెవినే నువ్వు ముందుకు పెడతావు. స్పీకర్ పెడితే వీధంతా సభ తీరుతుంది. కాబట్టి ఉత్తరమే మనకు శరణ్యం.

ఇక రాచకార్యం. నా ఎం.ఏ.కి మిగిలిన ఆఖరి గండం ప్రాజెక్టు. దూరవిద్య వాళ్లు ఇచ్చిన అంశం విను: 'పంతొమ్మిదో శతాబ్దపు పల్లెటూరి కథల్లో స్త్రీల జీవితం.' అన్నీ ఇంగ్లీషు మాట్లాడే దేశాల పల్లెలు. ఏముంటుందిలే, గౌన్లూ గుర్రబ్బండ్లూ అనుకుంటూ పుస్తకం తెరిచాను. ఒక ఊళ్లో మగవాళ్లంతా ఓడలెక్కి పోయారు. మిగిలిన ఆడవాళ్లు కొండల్లో ఆకులేరి మందు కాచుకుంటారు. కోడి విషయమై పక్కింటావిడతో పదేళ్లు మాట్లాడరు. ఉత్తరం రాని మొగుడి గురించి మాత్రం ఎవరూ ఎవర్నీ అడగరు. చివరికి అందరూ ఒకచోట కూర్చుని పాతగుడ్డలు అతికి బొంతలు కుడతారు!

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నూట యాభై ఏళ్ల కిందట, సముద్రాల అవతల, తెల్లతోలు కప్పుకుని కూర్చున్నది మన వీధే. ఓడ తీసేసి గల్ఫ్ విమానం పెడితే సరి.

మా గైడుగారు 'స్థానిక ఉదాహరణతో పోల్చండి' అని ఎర్రసిరాతో రాశారు. ఆ స్థానిక ఉదాహరణ ఎవరో కనుక్కో. తమరే. కాబట్టి నీ బొంత విద్య సమస్తం, మొదటి కుట్టు నుంచి ఆఖరి ముడి దాకా, ఈ దీనురాలికి రాసి పంపవలసింది.

నీ పెంపకానికి మచ్చ తేవడానికే పుట్టిన,
ఖాలిదా

*

పెద్దమిట్టపల్లె,
27 మార్చి 2017

పాపా ఖాలిదా,

చిన్నమ్మ దువా. నీ ఉత్తరం చదివి నవ్వి నవ్వి పొలమారింది. నేను అయిదో తరగతి దాకా చదివినదాన్ని, నన్ను పుస్తకంలో పెట్టేదేందే? ఐనా అడిగినావు గాబట్టి రాస్తా ఉండా.

బొంతకు మూడు పొరలు. పైపొర, అడుగుపొర, నడాన లోపొర. పైపొరకు బతికుండేవాళ్ల బట్టలే ఎయ్యాల. పెండ్లి కోకలు, పండగ కోకలు, మొగోళ్ల లుంగీలు, చొక్కాలు. పిల్లోడు పండుకుని 'ఇది నాయన చొక్కా, ఇది జేజి కోక' అని ఏలు పెట్టి చూపిస్తాడు. సచ్చిపోయినోళ్ల బట్టలు లోపొరలో పెడతాం. పైన పెడితే కండ్లబడి ఏడుపొస్తాది. పారేద్దామంటే మనసు రాదు. లోపల పెట్టి కుట్టేస్తే కనపడకుండా ఎచ్చగా ఉంటాది.

ఇంగొక మాట, దీన్ని బాగా ఇను. బొంత గురించి ఎంతైనా రాసుకో. కుట్టమని పాతబట్టల మూట తెచ్చినోళ్ల గురించి మాత్రం రాయొద్దు. నా కాడికి వచ్చే ఆడది ముందు తలుపేసి, తర్వాత మూట ఇప్పుతాది. ఎవరి మూటలో ఏముందో ఇరవై ఏండ్లుగా నా నోటి నుంచి రాలేదు. నాకుండే ఆస్తి అదొక్కటే.

ఇస్సాక్‌కు అల్లం కషాయం పెట్టి ఇయ్యి.

మీ చిన్నమ్మ,
మాబున్నీ

*

అల్ ఖర్జ్,
1 మే 2017

లోకప్రసిద్ధురాలైన మా చిన్నమ్మకు,

అవును, ఇకనుంచి నిన్ను ఇలాగే పిలవాలి. నా ప్రాజెక్టులో నీ అధ్యాయం చదివి గైడుగారు 'ఇది కథగా రాయి' అన్నారు. రాశాను. ఒక ఆదివారం పత్రికకి పంపాను. వేశారు! బొమ్మతో సహా! బొమ్మలో నువ్వు నిజం కంటే పదేళ్లు ముసలిదానిలా ఉన్నావు. చిత్రకారుడి మీద పరువునష్టం దావా వేసే హక్కు నీకు ధారపోస్తున్నాను.

నువ్వు వద్దన్న మాట మరిచిపోలేదు, అలా చూడకు. కానీ ఆ ఇంగ్లీషు కథలకు దీటుగా నిలబడాలంటే వట్టి సూదీ దారం చాలదు, లోపల ఒక మనిషుండాలి. అందుకని జైనాబీ వచ్చిన రోజును తీసుకున్నాను. నీకు గుర్తుందా, నేను డిగ్రీ ఆఖరి ఏడు చదువుతూ మూలన కూర్చుని నీ సూదులకు దారాలెక్కిస్తున్నాను. ఆమె తలుపేసి, మూట విప్పి, తన మొగుడు లాల్ అహ్మద్ మామ చొక్కాలు మూడు బయటికి తీసింది. నజ్రాన్ నుంచి ఆయన కబురు ఆగి అప్పటికి రెండేళ్లు. "లోపొరలో పెట్టక్కా" అంది. చచ్చాడన్న కబురైనా రానివాడి చొక్కాలు! నువ్వు అక్కడికక్కడే పెట్టి కుట్టేశావు. నేనక్కడ ఉన్న సంగతే మీ ఇద్దరూ మరిచిపోయారు. నేను మాత్రం ఆ రోజును మరిచిపోలేదు.

భయపడకు. జైనాబీని మైనాబీ చేశాను. నజ్రాన్‌ని మస్కట్ చేశాను. ఆమె అత్త మహబూబ్బీని తీసేసి ఒక మామగారిని పెట్టాను. ఇక వాళ్లను కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. ఆ మొగుడికి నేను పెట్టిన పేరేమిటో తెలుసా? 'లోపొర మొగుడు.' ఆ మాట తట్టినప్పుడు నన్ను నేనే మెచ్చుకుని ఏలకులేసి టీ పెట్టుకున్నాను. ఇస్సాక్ పత్రికను ఫోన్‌లో ఫొటో తీసి డెయిరీలో అందరికీ చూపించాడు. పోయిన శుక్రవారం రియాద్‌లో మనవాళ్లు చేరే బతా బజారుకి పోతే, మెస్సులో ఎవరో కడపాయన లేచి నిలబడి నాకు కుర్చీ ఇచ్చాడు. సాహిత్యానికి ఇంతకు మించిన గౌరవం ఏముంది?

ఎలా ఉందో రాయి. మొహమాటపడకుండా పొగుడు.

కీర్తిభారంతో మెడ నొప్పి పుట్టిన,
ఖాలిదా

*

పెద్దమిట్టపల్లె,
28 మే 2017

పాపా,

ఈ పొద్దు నుంచి రంజాను ఉపాసాలు మొదులైనాయి. అందరం బాగుండాము.

నీ కత వచ్చిన పేపరు మన ఈదిలో అందరి చేతుల్లోనూ ఉంది. చదవనొచ్చినోళ్లు రానోళ్లకు చదివి ఇనిపిస్తా ఉండారు. నేనూ చదివినా.

పని కొంచెం పల్చబడింది. మూట వచ్చి నెల దాటింది. ఎండలు గదా, బొంత ఎవురికి కావాల.

ఇంగ రాసింది చాల్లే నాయనా. కండ్లు చెడిపోతాయి. ఇస్సాక్‌ను అడిగినానని చెప్పు.

చిన్నమ్మ

*

అల్ ఖర్జ్,
20 జూన్ 2017

సిగ్గరి చిన్నమ్మకు,

పొగడమంటే నాలుగు ముక్కలు రాసి పారిపోతావా? అయినా 'అందరి చేతుల్లోనూ ఉంది' అన్నావు చూడు, ఆ ఒక్కమాట నాకు డాక్టరేటు. వీధికి ఒకటే పేపరు ఉంటే చేతులు మారి చిరిగిపోతుంది కదా అని, రాయచోటి పేపరు ఏజెంటు దగ్గర పాతవి పది కాపీలు చెప్పి పెట్టాను. ఇస్సాక్‌తో పనిచేసే ఒకతను సెలవు మీద వస్తున్నాడు. అవి తీసుకుని తనే తెచ్చి వీధిలో పంచుతాడు. నువ్వు చెయ్యి కదపనక్కర్లేదు.

పని పల్చబడటానికి కారణం ఎండలు కావు, నేను కనిపెట్టాను. ఇక్కణ్నుంచి వచ్చే ప్రతివాడూ ఒక మింక్ దుప్పటి భుజానేసుకుని వస్తున్నాడు. నీ శత్రువు అదే. శత్రువును దగ్గరగా చూస్తావని అతని చేతనే రెండు పంపుతున్నాను, ఒకటి పులి బొమ్మది, ఒకటి గులాబీలది. ఇంకా ఆ సూదులతో వేళ్లు పొడుచుకోవడం ఎందుకు? హాయిగా కప్పుకుని పడుకో.

ఇక్కడి విశేషం ఒకటుంది. వచ్చే నెల నుంచి, భార్యాబిడ్డల్ని తెచ్చుకున్నవాళ్లు తలకింతని సర్కారుకు కట్టాలి. మురాఫిక్ ఫీజు అంటున్నారు, ఏటేటా పెరుగుతుందట. ఇన్నాళ్లకు నా తలకూ ఒక ధర పలికింది. పైగా నితాఖాత్ అనే సర్కారు లెక్కలో ఇస్సాక్ కంపెనీకి సౌదీవాళ్లు చాలినంతమంది లేరని ఎర్రరంగు అంచుకు నెట్టారు. మొహర్రం నెలలో ఆయన ఇఖామా, అదే ఇక్కడ ఉండే అనుమతి కార్డు, మళ్లీ రాయించాలి. నా ఏడాది ఫీజు అప్పుడే ముందుగా కట్టాలి, లేదంటే నాకు ఫైనల్ ఎగ్జిట్, అంటే మళ్లీ రాకుండా పంపేసే ముద్ర, కొట్టించాలి. మా బిల్డింగులో ఇప్పటికే మూడు కుటుంబాలు సామాన్లు కట్టాయి.

వస్తే ఎక్కడికి వస్తాను? అమ్మ పోయాక నన్ను పెంచింది నువ్వు. ఇస్సాక్ వాళ్ల ఇల్లు అన్నదమ్ములు పంచుకోగా ఆయన వాటాకి ఒక గోడ వచ్చింది. కాబట్టి ఒక ప్రఖ్యాత రచయిత్రి నీ ఇంట్లో తిని కూర్చోవడానికి రావచ్చు. సిద్ధంగా ఉండు.

తలకో ధర పలికిన,
ఖాలిదా

*

పెద్దమిట్టపల్లె,
26 జూలై 2017

ఖాలిదా,

ఇంగ దాచి లాభం లేదు. నువ్వు పరాయి దేశంలో ఉండావు, ఇస్సాక్ ఉద్యోగం ఊగులాడతా ఉంది, ఇప్పుడెందుకులే అని ఊరుకుంటి. మీ మనిషి వచ్చి నడీదిలో పదిపేపర్లూ ఇప్పి, 'మా ఖాలిదా మేడం పంచమన్నాది' అని ఇంటింటికీ ఇచ్చిపోయినాడు. మొదటిది మహబూబ్బీ చేతికే ఇచ్చినాడు.

ఆ కత వచ్చిన వారమే మన ఈదికంతా తెలిసిపోయింది. మైనాబీ అంటే ఎవురో తెలుసుకోను ఎంతసేపు పడతాది? మొగుని మాట పలుకు లేని ఆడది, మూడు చొక్కాలు. మన ఈదిలో ఎంతమంది ఉండార్లే అట్ల? మహబూబ్బీ కోడలి బొంతను తెచ్చి ఈదిలో ఏసి బ్లేడుతో కోసింది. మూడు చొక్కాలూ బయటికి ఈడ్చింది. ఒకటి పెండ్లి చొక్కా. "నా కొడుకును బతికుండంగనే పూడ్చిపెట్టినావే" అని గుండెలు కొట్టుకునింది. జైనాబీ గోడకానుకుని అట్లే నిలబడి ఉన్నింది. చొక్కాలు ఏరుకునేకి గూడా వంగలా.

తర్వాత అందరూ నా ఇంటికొచ్చినారు. "మాబున్నీ చెప్పకుండా ఆ పిల్లకెట్ల తెలుస్తాది?" అన్నారు. నేనే చెప్పినా అన్నా. నువ్వు మూలన కూర్చుని ఇన్నావని చెప్తే రేపు ఈ ఈదిలో ఎట్ల తిరుగుతావు నువ్వు? అందుకే ఒప్పుకుంటి. ఆ దినం నుంచి నా తలుపు తట్టినోళ్లు లేరు. దుప్పట్ల వల్ల గాదు, ఎండల వల్ల గాదు.

నువ్వేమో బొంతలు కుట్టేదానికి దుప్పట్లు పంపించి 'కప్పుకుని పండుకో' అంటివి. పని పోయిన సంగతి నీకు తెలిసి, అట్ల ఎగతాళి పట్టిస్తివేమో అనుకుని రెండు దినాలు అన్నం తినలా. తర్వాత నీకేమీ తెలీదులే అని నేనే సర్దుకుంటి.

ఇది గాక ఇంగొకటి. లాల్ అహ్మద్ వచ్చినాడు. బతికే ఉండాడు. నాలుగేండ్ల కిందట ఆ నితాఖాత్ తనికీలప్పుడు ఆయన పనిచేసే అంగడి మూసేసినారంట. కాగితాలు లేకుండా నజ్రాన్ తోటల్లో దాక్కుని దాక్కుని బతికినాడంట. ఫోన్ చేస్తే పట్టుకుంటారని భయం, తర్వాత్తర్వాత ఏ మొగం పెట్టుకుని చేసేదని సిగ్గు. ఇప్పుడు కాగితాలు లేనోళ్లను దండుగ లేకుండా పంపిస్తా ఉండారని తెలిసి లొంగిపోయి వచ్చేసినాడు.

వాళ్లమ్మ చొక్కాలు మొగాన పెట్టి చూపించింది. ఆయన చూసి, "నాలుగేండ్లు పలక్కుండా ఉంటి. ఆమె నన్ను యాడ పెట్టాల్నో ఆడనే పెట్టింది" అనె. అంతే. వాళ్లిద్దరి మధ్య ఏ గొడవా లేదు. గొడవంతా బయటనే. ఆయన టీ అంగడికి పోతే "లోపొర మొగుడొచ్చినాడు, ఒక టీ కొట్టు" అంటారు. మసీదు కాడ చిన్న పిల్లోళ్లు గూడా అదే అంటారు.

ఆ మాట ఎవురిదో నీకు తెలుసు.

మాబున్నీ

*

అల్ ఖర్జ్,
12 ఆగస్టు 2017

చిన్నమ్మా,

పైన ఏదో ఒక బిరుదు పెట్టి మొదలుపెట్టడం నాకు అలవాటు. మూడు కాగితాలు చించాక ఇలా మొదలుపెట్టాను.

నీ ఉత్తరం ఇస్సాక్‌కి చదివి వినిపించాను. ఆయన అడిగింది ఒక్కటే. "చిన్నమ్మ ముందే వద్దనిందా?" అవునన్నాను. కంచం ముందు నుంచి లేచిపోయాడు. నేను పెట్టిన ఆ పేరు ఇక్కడ కూడా తిరుగుతోందని అప్పుడు చెప్పాడు. డెయిరీ క్యాంపులో ఏళ్ల తరబడి ఇంటికి పోనివాళ్లను 'లోపొర మొగుళ్లు' అంటున్నారట. కాగితాలు లేక పోలేనివాళ్లు, ముఖం చెల్లక పోనివాళ్లు, అందరూ ఆ పేరు కిందికే వచ్చారు. బతా మెస్సులో నాకు కుర్చీ ఇచ్చినాయన కూడా ఆరేళ్లుగా ఊరికి పోలేదట. నేను ఆ కుర్చీలో కూర్చుని బిర్యానీ తిన్నాను.

ప్రాజెక్టుకి మంచి మార్కులు వచ్చాయి. 'జీవం ఉట్టిపడుతోంది' అని రాశారు. ఆ కాగితాన్ని ఎక్కడ దాచాలో తెలియడం లేదు.

దుప్పట్ల సంగతి నాకు నిజంగా తెలియదు. పేపర్ల సంగతి కూడా. తెలియకపోవడానికి కారణం, నీ ఉత్తరంలో నా పొగడ్తలు మాత్రమే వెతుక్కున్నాను. 'నేనూ చదివినా' అని రాసి ఊరుకున్నావు. ఆ వాక్యం దగ్గర ఒక్క క్షణం ఆగి ఉంటే సరిపోయేది.

నువ్వు నా తప్పు నీ నెత్తిన ఎందుకు వేసుకున్నావు? నేను నీ ఇంటికి వస్తానని రాశాను. ఆ ఇంట్లోకి ఏ ముఖంతో వస్తాను?

దీనితో పాటు జైనాబీకి ఒక ఉత్తరం పెట్టాను. రెండు రోజులు కూర్చుని రాశాను. ఆమెకు చదవడం రాదు కదా, నువ్వే చదివి వినిపించు. ఆమె ఏమన్నా సరే, ఉన్నదున్నట్టు రాయి.

ఖాలిదా

*

పెద్దమిట్టపల్లె,
30 ఆగస్టు 2017

పాపా,

ఎల్లుండి కాకుండా ఆ మర్నాడు బక్రీదు. ఈ తూరి మా ఇంటికి మాంసం ఎవురు పంపుతారో చూడాల.

లాల్ అహ్మద్ బెంగళూరుకు పోయినాడు, కట్టడం పనికి. ఇంట్లో ఉన్నింది ఇరవై దినాలు. పోలీసోళ్లకు దాక్కుని నాలుగేండ్లు బతికినోడు, టీ అంగడికి దాక్కోలేకపాయె. జైనాబీ బస్సు దాకా పోయి ఎక్కించి వచ్చింది. ఆమె నన్నింతవరకూ ఒక్క మాట అనలా. తిట్టింటే బాగుండు. దావలో ఎదురుపడితే "బాగుండావా అక్కా" అంటాది. ఆ మాట ఇని నేను సందు మారి పోతా.

నీ ఉత్తరం ఆమెకు చదివి ఇనిపించలా. నేను రెండు తూర్లు చదివినా. నాకే ఏడుపొచ్చింది, అంత బాగా రాసినావు. అందుకే ఇనిపించలా. నిజంగా ఏడ్చేటోళ్లు మాట యాడ ఆపాల్నో, యాడ తెంపాల్నో చూసుకుని ఏడుస్తారా పాపా? ఆ ఉత్తరంలో జైనాబీ మళ్లా ఒక కతలో ఆడమనిషి మాదిరి ఉండాది. నువ్వు గూడా ఉండావు, ఆమె కంటే పెద్దగా. దాన్ని మడిచి ఎత్తిపెట్టినా.

నాకొక సంశయం. ఓడల ఊరు కతలు చదివినావు గదా, తెల్లోళ్లవి. ఆ ఆడోళ్లంతా వట్టిగా పుట్టలేదు గదా, ఎవురో ఒకామె తన ఊరోళ్లను చూసి రాసినట్లుండాది. ఆ రాసినామె మళ్లా ఆ ఊరికి పోయిందా? పోతే ఆమెను ఇంట్లోకి రానిచ్చినారా? నీ పుస్తకంలో ఉంటే చెప్పు.

నువ్వు రావాల్సొస్తే రా. ఇది నీ ఇల్లే. నాకు క్షమాపణ చెప్పే పని లేదు, నేను పెంచినదానివి. ఒకటే చెప్తా. నేనే చెప్పినానని ఈదిలో ఒప్పుకుంటి గాబట్టి ఆ మాట అట్లనే ఉండనీ. నాకు యాభై దాటినాయి, నాకేం గావాల. నువ్వు చిన్నదానివి, ఈడ బతకాల్సినదానివి. వచ్చి నోరు మూసుకుని ఉండు. జనం రెండేండ్లకు మరిచిపోతారు.

చిన్నమ్మ

*

అల్ ఖర్జ్,
15 సెప్టెంబర్ 2017

చిన్నమ్మా,

ఫైనల్ ఎగ్జిట్ కొట్టారు. ఇరవయ్యో తారీఖు విమానం, మర్నాడు బెంగళూరు, అక్కణ్నుంచి బస్సు. ఇస్సాక్ క్యాంపులో నలుగురితో కలిసి ఒక గదిలో ఉంటాడు. నిన్ననే తన పెట్టె అక్కడ పెట్టి వచ్చాడు. రేపు పోయే మనిషి చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. నాకంటే ముందు ఇది చేరాలి.

నువ్వడిగిన దానికి పుస్తకాలన్నీ తిరగేశాను. ఆ కథల్లో భాష గురించి ఉంది, ప్రకృతి గురించి ఉంది, ఆడవాళ్ల ఒంటరితనం గురించి నలభై పేజీలుంది. రాసినామె తిరిగి ఊరికి పోతే ఎవరు తలుపు తీశారో, ఎవరు వేసుకున్నారో ఎక్కడా లేదు. నేను రాసిన ప్రాజెక్టులోనూ లేదు. అది అడగాలని కూడా నాకు తోచలేదు.

నోరు మూసుకుని ఉండమన్నావు. ఉండలేను. నువ్వు చెప్పలేదని, మూలన కూర్చుని విన్నది నేనని, వద్దన్నా రాసింది నేనని చెబుతాను. మహబూబ్బీ ఇంటి ముందు, టీ అంగడి దగ్గర, ఎవరు నిలబడితే వాళ్లకి. నీ తలుపు తట్టే ఆడవాళ్లు మళ్లీ వస్తారో రారో నాకు తెలియదు. నేను అటువైపు పోతే నన్ను చూసి తలుపులు వేసుకుంటారు. వేసుకోనీ. అది నాకు రావలసిందే, నీకు కాదు.

నువ్వు అడ్డుపడతావని తెలుసు. అందుకే బస్సు దిగి మన ఇంటికి రాను. పెట్టె బస్టాండులో పెట్టి ముందు జైనాబీ దగ్గరికి పోతాను. ఆమె తలుపు తీస్తే చెబుతాను. తీయకపోతే బయట కూర్చుంటాను.

ఆమెతో ఏం చెప్పాలో రాసుకోలేదు.

ఖాలిదా